ఆళ్ ఇరుక్కు

ముందు ఆ గదిలో ఏమేమి ఉన్నాయో రాస్తాను. ఆరు కంప్యూటర్లు. వాటన్నిటినీ నడిపే సర్వరు ఒకటి. ప్రింటరు ఒకటి. సీలింగ్ ఫ్యాన్లు రెండు, తిరిగేది ఒకటి. మనుషులు ఎనిమిది మంది: ఐదుగురు విద్యార్థులు, కంప్యూటర్ సెంటర్ యజమాని, మద్రాసు కంపెనీ నుంచి వచ్చిన ఆయన, నేను. ఆ గదికి ఫోను లైను లేదు. ఊరు విరుదునగర్, సంవత్సరం 1999, మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు.

జెబమణి ఆ గదిలో లేదు. అది ముఖ్యం.

దయ్యాల సంగతి ఎవరైనా చెబితే నేను మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఎన్ని గంటలకు? ఇంకెవరు చూశారు? మళ్ళీ జరిగిందా? సాధారణంగా అక్కడితో వాళ్ళు నోరు మూసుకునేవారు. ఈ విషయంలో ఆ మూడింటికీ నా దగ్గర జవాబులున్నాయి. అయినా నాకేమీ అర్థం కాలేదు.

రెండు వేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములన్నీ తేదీలు తప్పుతాయని అప్పట్లో భయం. వాటిని రాసిన కోబాల్ అనే కంప్యూటరు భాష తెలిసినవాళ్ళకు వెంటనే ఉద్యోగాలు. కానీ అది నడిచే మెయిన్‌ఫ్రేమ్ యంత్రం మద్రాసులో ఎక్కడో చల్లటి గదిలో ఉండేది. మా వైపు పిల్లలు దాన్ని ఫోటోలో చూసినవాళ్ళే. నేను ఇంజనీరింగ్ అయ్యాక ఎనిమిది నెలలు కూర్చుని, మామూలు కంప్యూటరు మెయిన్‌ఫ్రేమ్‌లాగే నడుచుకునేలా ఒక ప్రోగ్రాం రాశాను. అదే నల్లటి తెర, అవే ఆకుపచ్చ అక్షరాలు, వరుసకు అవే ఎనభై గడులు. ఎవరైనా వచ్చి ఏ కంప్యూటరు ముందైనా కూర్చుని నేర్చుకోవచ్చు. నేను పాఠాలు చెప్పే ఆ సెంటర్ బోర్డు మీద కూడా అలాగే రాయించాం.

అసలు మెయిన్‌ఫ్రేమ్‌లో ఒక నియమం ఉంది. ఒకరు ఒక ప్రోగ్రాం తెరిచి రాస్తూ ఉంటే, ఇంకొకరు దాన్ని చదవగలరు గానీ మార్చలేరు. వాడుకలో ఉందని తెర మీద వస్తుంది. నా దాంట్లో ఆ మాట మార్చాను. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడేసి మా వైపు అందరూ తమిళంలో అనే మాట పెట్టాను: ఆళ్ ఇరుక్కు. ఇక్కడ మనిషి ఉన్నారు అని. పక్కనే ఆ మనిషి లాగిన్ పేరు కనిపిస్తుంది. పిల్లలు నవ్వేవారు.

జెబమణి లాగిన్ JEB06. రోజూ కోవిల్‌పట్టి నుంచి పాసింజరు రైల్లో వచ్చేది. బీఎస్సీ లెక్కలు చదివింది. వాళ్ళమ్మ ఇంట్లో అగ్గిపెట్టెలు అంటించేది. చేరిన మొదటి వారంలో నేను కింద ఎస్టీడీ బూత్‌లో మా అమ్మతో మాట్లాడటం వింది. అందరి ముందూ తెలుగులో అడిగింది.

"అన్నా, మీరూ మన బాసేనా? ఇన్నాళ్ళూ సెప్పనే లేదే!"

మా వాళ్ళకు కళుగుమలై దగ్గర కరిసల్ భూములున్నాయి. ఆ నల్లమట్టిలో కూలికి వచ్చేవాళ్ళు ఆమె వాళ్ళు. ఇద్దరి ఇళ్ళలోనూ ఒకే భాష. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియడం నాకు ఇష్టం లేదు. సార్ అని పిలువు అని తమిళంలో చెప్పాను. వెనక ఎవరో నవ్వారు. ఆమె తల ఊపింది.

ఆరుగురిలో ఆమే బాగా రాసేది. బస్సు సీట్ల రిజర్వేషన్‌కి ఒక ప్రోగ్రాం మొదలుపెట్టింది. మద్రాసు కంపెనీ మా సెంటర్ నుంచి ఒక్కరినే తీసుకుంటామంది. యజమాని అక్కడే నేర్చుకుంటున్న తన అక్క కొడుకుని పంపాలనుకున్నాడు. జెబమణి లాగిన్ తీసేయమన్నాడు.

"దానికేంటయ్యా, కోవిల్‌పట్టిలో ఆఫీసు ఉద్యోగం ఉండనే ఉంది," అని నవ్వాడు. మా వైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఆఫీసు అంటారు. నేనూ నవ్వాను.

లాగిన్ తీసేశాను. ప్రోగ్రాం కూడా చెరిపేశాను. అప్పటికి 212 వరుసలు.

మర్నాడు ఆమె వచ్చి పేరు కొట్టింది. అలాంటి పేరు లేదంది తెర. తప్పు కొట్టాననుకుని మళ్ళీ కొట్టింది. పదకొండు సార్లు కొట్టింది. నేను వెనక నిలబడి లెక్కపెట్టాను.

"సార్, నా ప్రోగ్రాం పోయినాదా?"

నువ్వే ఏదో నొక్కి ఉంటావు అన్నాను. మెషిన్ బాగయ్యాక కబురు పెడతాం, అప్పటిదాకా రావద్దు అన్నాను. ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది.

నాలుగు రోజుల తర్వాత అక్క కొడుకు కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టబోతే, అతను కొట్టిన పేరుతో అప్పటికే ఒకటి ఉందని చెప్పింది తెర. ఆళ్ ఇరుక్కు, JEB06. యూజర్ల పట్టిక చూశాను. ఆ పేరు లేదు. ఆ ప్రోగ్రాంకి పడ్డ తాళం తీసేశాను, మళ్ళీ పడింది. సర్వరు ఆపి, తిరిగి ఆన్ చేశాను. మళ్ళీ అదే. చదవడానికి తెరిస్తే అదే బస్సు ప్రోగ్రాం, 64 వరుసలు. మర్నాడు 97. పెరిగేది ఉదయం పదకొండు, పన్నెండు మధ్యనే. కేబుళ్ళు ఒక్కొక్కటే పీకి చూశాను. ఆరు కంప్యూటర్లూ ఆపేసి, సర్వరు ఒక్కటే ఉంచి చూశాను. పెరిగింది.

యజమానికి చెబితే అతను భయపడలేదు. "పూర్తి కానీ. మావాడిదని చూపిద్దాం," అన్నాడు.

ఆమె ఎలాగో దొంగతనంగా రాస్తోందనుకున్నాను. శనివారం ఉదయం ప్రింటు తీసుకుని కోవిల్‌పట్టి వెళ్ళాను. ఒకే గది ఇల్లు. వాళ్ళమ్మ చేతులు జిగురులోంచి తీసి లేచి నిలబడింది.

"కళుగుమలై పక్కం సామీ మీరు? మా ఇంట్లో కూకుంటారా?"

కూర్చోలేదు. గోడ పక్కన నేల మీద జెబమణి ఉంది. ఒళ్ళో నోటుబుక్కు. స్కేలుతో వరుసకు ఎనభై గడులు గీసుకుంది. పెన్సిల్‌తో గడికో అక్షరం రాస్తోంది.

"నేనే కదా సార్ పోగొట్టినాను. అంతా ఞాపకం నుంచి రాస్తా ఉండాను. తొట్టికి నీళ్ళు పట్టినాక పదకొండుకి కూకుంటాను."

నోటుబుక్కు తీసుకుని ప్రింటుతో పోల్చాను. వరుస వరుసకీ అదే. 118వ వరుసలో ఒక చుక్క పెట్టడం మరిచింది. ప్రింటులో కూడా అక్కడ చుక్క లేదు. ఆ గదిలో ఉన్నవి: బల్బు ఒకటి, స్టవ్వు ఒకటి, అగ్గిపెట్టెల గంపలు మూడు. వైరు పోయే దారే లేదు.

ఆమెకు ప్రింటు చూపించలేదు.

"మెషిన్ బాగయినాదా సార్? మంగళవారం మద్రాసు వాళ్ళు వస్తారంట కదా, నన్నూ కూకోబెడతారా?"

వాళ్ళు ముందే వచ్చి వెళ్ళిపోయారు, ఆళ్‌ని తీసుకోవడం అయిపోయింది అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆమెతో నేను మా భాషలో మాట్లాడింది ఆ ఒక్కసారే. ఆమె చేతిలో పెన్సిల్ ఒక అక్షరం మధ్యలో ఆగింది. వాళ్ళమ్మ నాకు కడలమిట్టాయి, అంటే పల్లీపట్టీల పొట్లం ఇచ్చింది. తీసుకున్నాను. బయటికి వస్తూ గడియారం చూసుకున్నాను, పదకొండు నలభై రెండు.

విరుదునగర్ తిరిగి వచ్చి సర్వరు చూశాను. ప్రోగ్రాం 187వ వరుసలో, ఒక మాట సగంలో ఆగింది. చివరి మార్పు పదకొండు నలభై రెండు.

మంగళవారం అక్క కొడుకు దాన్ని తెరవబోయాడు. ఆళ్ ఇరుక్కు. పక్క కంప్యూటరు, ఆ పక్కది, ఆరింటిలోనూ అదే. మద్రాసు ఆయన నవ్వి, చదవడానికి తెరిపించి, కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఇది ఎవరు రాశారో వాళ్ళని పిలవండి, JEB06 ఎవరు అన్నాడు. యజమాని నా వంక చూశాడు.

అలాంటి వాళ్ళెవరూ లేరు సార్, అది నేను పరీక్షకు పెట్టిన పేరు అన్నాను.

మద్రాసు ఆయన అక్క కొడుకుని నాలుగు ప్రశ్నలు అడిగాడు. అతను మూడింటికి జవాబు చెప్పాడు. అతన్నే తీసుకున్నారు.

సెంటర్ 2001లో మూతపడింది. సర్వరులోని డిస్కు నేను తెచ్చుకున్నాను. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను, ఈ తెలుగు అక్షరాలు ఇక్కడే నేర్చుకున్నాను. జెబమణి చనిపోలేదు. అందుకే దీన్ని దయ్యం అనలేను. కోవిల్‌పట్టిలో ఆఫీసుకు వెళుతోందని, నోటుబుక్కు మళ్ళీ ముట్టలేదని తెలిసినవాళ్ళు చెప్పారు. నేను వెళ్ళి చూడలేదు.

డిస్కును ఇప్పటికి మూడు కంప్యూటర్లలోకి ఎక్కించాను. నా ప్రోగ్రాం మొత్తం చెరిపి, మొదటి నుంచి మళ్ళీ రాశాను. ఆ మాట కూడా తీసేసి, వాడుకలో ఉంది అని మామూలుగా పెట్టాను. తెర మీద ఆళ్ ఇరుక్కు అనే వస్తోంది. ఎందుకో చెప్పలేను.

ఈ ఉదయం మళ్ళీ పరీక్షించాను. రిపోర్టు ఇది.

ఉన్న యూజర్లు: 0. తెరిచి ఉన్న ప్రోగ్రాములు: 1.