ఈశాన్యం మూల నాలుగో మేకు

ముందుగా పాఠక మహాశయులకు శతకోటి క్షమాపణలు. ఈ నివాళిలో పోయినవారిని అజాతశత్రువు అని గానీ, ఆయన లేని లోటు తీరనిదని గానీ నేను ఎక్కడా రాయలేదు. అందుకు సిగ్గుతో తల దించుకుంటున్నాను. వర్జీనియా రాష్ట్రంలోని జింకల మనశ్శాంతికి మా వల్ల కలిగిన భంగానికీ, ఒక చెక్క గదికి వాస్తు చూసినందుకూ, దినం నాడు రెండోసారి పులిహోర పెట్టించుకున్నందుకూ కూడా పెద్దమనసుతో క్షమించండి.

అంకుల్ పోయారు. మార్చి నెలలో, ఒక మంగళవారం పొద్దున ఏడింటికి ఆంటీ ఫోన్ చేసింది. "బాబూ, మీ అంకుల్ లేవట్లేదు. ఒకసారి రా." అంతే అంది. ఆష్‌బర్న్‌లో మా ఇళ్ల మధ్య రెండు వీధులు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

అంకుల్ నాకు చుట్టం కాదు. ఈ దేశంలో నా మొదటి ఉద్యోగంలో ఆయన టెస్ట్ లీడ్. నేను రాసిన కోడ్‌లో తప్పులు పట్టడం ఆయన పని, తప్పులు సప్లై చేయడం నా పని. ఇద్దరం నిజాయితీగా పనిచేశాం. తప్పు దొరికితే ఆయన అరిచేవారు కాదు. నా కుర్చీ పక్కన నిలబడి "అయిందా?" అనేవారు. అయింది అంటే వెళ్లిపోయేవారు. మధ్యాహ్నం మళ్లీ వచ్చి, అదే గొంతుతో "అయిందా?" సాయంత్రానికి నేనే కూలబడి, ఎక్కడ తప్పిందో వెతుక్కుని చెప్పేవాణ్ణి. "తప్పు నేను చెబితే అది నా రిపోర్టు అవుతుందిరా. నువ్వు చెబితేనే నీ పని అవుతుంది," అనేవారు. ఇంకో అలవాటు, పరీక్షించిన ప్రతి వస్తువు మీదా కాగితం టేపు అతికించి, మార్కర్‌తో రాసి, చెరిగిపోకుండా పైన పారదర్శకమైన టేపు వేసేవారు. వాళ్లింట్లో ఇంగువ డబ్బా మీద కూడా 'టెస్ట్ అయింది' అని ఉండేది.

రిటైరయ్యాక బ్లూ రిడ్జ్ కొండల వైపు, గంటన్నర దూరంలో పదిహేనెకరాలు కొన్నారు. గోంగూర వేశారు. జింకలు తినేశాయి. మర్నాడు వలలు కట్టారు, వాటి కింద నుంచి దూరి తిన్నాయి. రెండో ఏడు రాత్రంతా రేడియో పెట్టారు, వార్తలు వింటూ తిన్నాయి. మూడో ఏడు అంకుల్ వేట క్లాసులో చేరి, పదేళ్ల పిల్లల పక్కన కూర్చుని పరీక్ష రాసి, అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుని, లైసెన్సు తీసుకున్నారు. ఇక మిగిలింది బ్లైండ్. జింకకి కనపడకుండా కూర్చోడానికి, నాలుగు కాళ్ల మీద పదడుగుల ఎత్తులో నిలబెట్టే చెక్క గది అన్నమాట. ఆంటీ దాన్ని మంచె అనే అనేది.

ఆ వేసవిలోనే అంకుల్‌కి స్టెంట్ పడింది. ఆంటీ తీర్పు చెప్పేసింది. "ఈ ఒక్క సీజనే. తర్వాత మంచె దిగి, కంచె కట్టుకోండి." నన్ను వంటింట్లోకి పిలిచి మాత్రం గొంతు తగ్గించింది. "నువ్వు దగ్గరుండి బిగించు నాన్నా. అక్కడినుంచి పడితే ఈ మనిషి మళ్లీ లేవరు. నీ ధైర్యం మీదే ఒప్పుకున్నా."

చోటు వెతకడానికే రెండు వారాలు పట్టింది. జింకల కాలిబాట ఎక్కడ, పెంటికలు ఎక్కడ, సరిహద్దు ఎంత దూరం, అన్నీ అంకుల్ కాగితం మీద గీసుకున్నారు. పౌడర్ డబ్బా జేబులో పెట్టుకుని, పది అడుగులకోసారి చిటికెడు గాల్లోకి వదిలేవారు. అది ఎటు పోతే మన వాసన అటు పోతుందని. జింక వెనకాల ఎత్తుగా మట్టిగట్టు ఉంటే తప్ప తుపాకి ఎత్తేది లేదన్నారు. "గురి తప్పినా గుండు మట్టిలోకి పోవాలి. వెనక ఆకాశం కనిపించిందా, తుపాకి కిందికి దించెయ్. జింక రేపు కూడా వస్తుంది."

అన్నీ కుదిరాక, వాస్తు ప్రకారం మంచె తలుపు తూర్పుకే ఉండాలని ఆంటీ ఫోన్‌లో ఆదేశించింది. అంకుల్ పౌడర్ వదిలి చూశారు. గాలి పడమర నుంచి. తలుపు తూర్పుకి పెడితే కిటికీ పడమరకి, పొద్దున ఎండ వీపు మీదికి. ముప్పై ఐదేళ్ల కాపురంలో వాళ్లిద్దరి లెక్కలు కలవడం అదే మొదటిసారని ఆయనే అన్నారు.

అక్టోబరు చివర ఒక శనివారం గది నిలబెట్టాం. ఒక్కో కాలికీ అడుగున ఇనపరేకు, రేకుకున్న కన్నంలోంచి భూమిలోకి రెండడుగుల మేకు. మూడు మేకులు సమ్మెట దెబ్బలకి బుద్ధిగా దిగాయి. నాలుగోది, ఈశాన్యం మూలది, ఆరంగుళాలు దిగి టంగుమంది. కింద బండ. ఇరవై దెబ్బలు వేశాను. మేకు వంగింది గానీ దిగలేదు.

అంకుల్ మాత్ర వేసుకోడానికి కారు దగ్గరికి వెళ్లి ఉన్నారు. సాయంత్రం నాలుగున్నర. ఆరింటికి ఆష్‌బర్న్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో బిర్యానీ. బ్యాటరీ రంపం పక్కనే ఉంది. పైన మిగిలిన అడుగున్నర కోసేశాను. ముక్కని నా కారు డిక్కీలోకి విసిరేశాను. ఈశాన్యంలో బరువు ఉండకూడదని ఆంటీ చెప్పేదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాస్తు శాస్త్రాన్ని అంత నీచంగా వాడుకున్నవాడు నాకు ముందు ఎవడూ ఉండడు.

అంకుల్ వచ్చారు. నాలుగు మూలలూ చూశారు.

"అయిందా?"

"అయింది అంకుల్."

బిర్యానీ బాగానే ఉంది. తర్వాతి మూడు వారాలు బాగాలేవు. సీజన్ మొదటిరోజు శనివారం. గురువారం ఫోన్‌లో వాతావరణం చూస్తే, శనివారం పెద్ద గాలులని ఉంది. అప్పుడే అంకుల్ ఫోన్. గాలి సంగతి చెప్పి, మామూలుగా అడిగారు. "నాలుగూ అయ్యాయి కదరా?"

చెప్పడానికి నోరు తెరిచాను. "అయ్యాయి అంకుల్," అని వచ్చింది.

శనివారం కొత్త మేకు, సమ్మెట డిక్కీలో వేసుకుని బయల్దేరాను, ఆయన రాకముందే కొట్టేద్దామని. తెలతెలవారుతుండగా చేరేసరికి ఆయన కారు గేటు దగ్గరే ఉంది. చెట్లు ఊగుతున్నాయి. పరిగెత్తాను. గది కిటికీలో అంకుల్ టోపీ కనిపించింది. ఇక సమ్మెట ఎత్తే దారి లేదు. వెళ్లి, అడుగున ఆకులు కుప్పపడ్డ ఈశాన్యం కాలిని రెండు చేతులతో వాటేసుకున్నాను.

పైనుంచి నెమ్మదిగా వినిపించింది. "ఎవరది?"

"నేనే అంకుల్."

"పైకి రా మరి."

"ఇక్కడ సిగ్నల్ బాగుంది అంకుల్."

గాలి ఒక్క తోపు తోసింది, కర్ర నా చెంపకి కొట్టుకుంది. తర్వాత ఆయనన్నారు. "సరే. అయితే గట్టిగా పట్టుకో."

మూడు గంటలు పట్టుకున్నాను. వేళ్లు మొద్దుబారాయి. పైన ఆయన కదిలిన ప్రతిసారీ చెక్క కిర్రుమనేది, ఆంటీ వంటింట్లో అన్న మాట గుర్తొచ్చేది. వేటగాళ్ల నారింజ రంగు చొక్కా వేసుకుని, కింద కర్రని కౌగిలించుకున్న మనిషి వాసన పట్టి ఏ జింకా ఆ ఛాయలకి రాలేదు. తొమ్మిదింటికి అంకుల్ తుపాకి ఖాళీ చేసి, తాడుతో కిందికి దించి, ఒక్కో మెట్టూ దిగారు. ఆయన పాదం నేల మీద పడేదాకా నేను ఆ కర్ర వదల్లేదు.

చేతులు దులుపుకుని నా వైపు చూశారు. "అయిందా?"

"అయింది అంకుల్."

తల ఊపి, పులిహోర డబ్బా నా చేతిలో పెట్టారు. తర్వాతి వారమే ఆయనకి ఆయాసం వచ్చింది. ఆంటీ సీజన్ మూసేసింది. జింక దొరకలేదని ఆయన ఎవరితోనూ అనలేదు. అవి గోంగూర తిన్నది మాత్రం చెప్పుకుని నవ్వేవారు.

అంకుల్ పోయిన నెలకి, ఏప్రిల్‌లో, ఆంటీ ఆ భూమి అమ్మకానికి పెడుతూ, మంచె విప్పేయమంది. ఒక్కణ్ణే వెళ్లాను. ఈశాన్యం మూలలో ఆకులు చేత్తో తీశాను. నేను కోసిన మొండి మేకు తుప్పు పట్టి ఉంది. దానికి జానెడు దూరంలో, బండ అంచు తప్పించి ఏటవాలుగా దిగిన కొత్త మేకు. దాని నుంచి కాలి అడుగుకి ఇనపపట్టీ, రెండు బోల్టులు. మేకు తలకి టేపు చుట్టి ఉంది, పైన పారదర్శకమైన టేపు. మార్కర్ అక్షరాలు కొంచెం వెలిశాయి. 'నాలుగో మూల. శుక్రవారం. టెస్ట్ అయింది.'

శనివారం నేను మూడు గంటలు వాటేసుకున్న కాలు అప్పటికే గట్టిది. స్టెంట్ పడ్డ గుండెతో ముందురోజు ఒక్కరే సమ్మెట ఎత్తి కొట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఆయాసానికీ ఆ సమ్మెటకీ సంబంధం ఉందా అని డాక్టర్ని అడిగే ధైర్యం నాకు లేదు. తెలిసి కూడా పైనుంచి నన్ను చూస్తూ కూర్చున్నారు. దిగొచ్చాక ఇంకోసారి అడిగారు.

మూడు మేకులు గునపంతో పెకలిస్తే వచ్చాయి. అంకుల్ కొట్టింది రాలేదు. చీకటి పడేదాకా చూసి, అక్కడే వదిలేశాను.

మొదట్లో అడిగిన క్షమాపణలన్నీ ఉత్తవి. వాటిలో ఏదీ నాకు బరువు కాదు. నేను చేసింది ఒకటే. దిగని మేకుని కోసి, అయింది అన్నాను. మూడుసార్లు. ఆ అడుగున్నర ముక్క ఇంకా నా కారు డిక్కీలోనే ఉంది. వాళ్ల వీధి మలుపు తిరిగినప్పుడల్లా, ఆ చివర నుంచి ఈ చివరకి దొర్లి ఆగుతుంది.