అమ్మవారున్న గదిలో సెలైన్ సీసా

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, మిరప కోతల వేళ, నన్ను దర్శి వైపు ఒక ప్రభుత్వాసుపత్రికి పిల్లల వైద్యురాలిగా బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్ స్పెషలిస్టు. పిల్లల విభాగంలో ఆ హోదా ఉన్నదాన్నీ, లేనిదాన్నీ నేనొక్కదాన్నే.

చేరిన కొత్తల్లోనే ఒక మిరప రైతు, ఏడేళ్ళ కూతురు స్రవంతిని భుజాన వేసుకుని వచ్చాడు. వెంట పిల్ల నాయనమ్మ కోటమ్మగారు. పిల్ల ముఖం మీద, వీపు మీద నీటి పొక్కులు. ఆటలమ్మ. మామూలు పిల్లలైతే జ్వరానికి మందిచ్చి, గోళ్ళు కత్తిరించమని చెప్పి పంపేస్తాం. కానీ స్రవంతికి మూత్రంలో ప్రొటీను పోయే కిడ్నీ జబ్బు. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతోంది. అవి వాపుతో పాటు ఒంటి రోగనిరోధక శక్తినీ తగ్గిస్తాయి. అలాంటి పిల్లల్లో ఈ వైరస్ చర్మంతో ఆగకుండా ఊపిరితిత్తులకీ, కాలేయానికీ, మెదడుకీ పాకవచ్చు. అందుకే పొక్కులు కనబడగానే ఎసైక్లోవిర్ అనే మందు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టాలి.

"మాత్రలు సరిగ్గా వేస్తున్నారా?" అని అడిగాను.

"అన్నీ ఆపేశానమ్మా," అన్నారు కోటమ్మగారు నిబ్బరంగా. "అమ్మవారు పోసినప్పుడు మందులు మింగిస్తారా ఎవరన్నా?"

స్టెరాయిడ్ చాలాకాలం వాడితే ఒళ్ళు తన సొంతది తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. జ్వరంలో ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. స్రవంతి వాళ్ళ నాన్న భుజం మీద తోటకూర కాడలా వాలిపోయి ఉంది. బీపీ తక్కువగానే ఉంది. గుంటూరులో కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన మోతాదులో స్టెరాయిడ్ వెంటనే ఇవ్వాలనుకున్నాను. పిల్ల ఊపిరిలో తేడా వస్తే గుంటూరు తీసుకెళ్ళడానికి అంబులెన్సు చెప్పి ఉంచాను.

ఈలోగా సిస్టర్ సూదీ, సెలైన్ సీసా తేగానే కోటమ్మగారు మంచానికి అడ్డంగా నిలబడ్డారు.

"అమ్మవారికి కోపమొస్తే నువ్వు పూచీనా?"

"అమ్మవారికి నేను పూచీ పడలేనండి. సూది వెయ్యకపోతే మాత్రం పిల్ల మనకు దక్కకపోవచ్చు."

ఆవిడ సీసా వైపు చూపించి, "అందులో ఏముంది?" అన్నారు.

"ఉప్పునీళ్ళు. మందు అందులో కలిపి మెల్లగా ఎక్కిస్తాం. తొందరపడితే మందు కిడ్నీల్లో పేరుకుంటుంది. అది పేరుకోకుండా ఒంట్లో నీళ్ళు బాగా ఉండాలి."

"అయితే చలవ చేసేదేగా?"

"నీళ్ళ వరకు చలవేనండి. మందు చలవో వేడో నేను చదివిన పుస్తకాల్లో లేదు."

ఆవిడ నవ్వేశారు. "అమ్మా, వాళ్ళని చెయ్యనియ్యి," అన్నాడు కొడుకు. మంచం తలాపున వేపమండలు కట్టుకుంటానన్నారు ఆవిడ. సూది పెట్టిన చెయ్యి జోలికి రాకపోతే కట్టుకోమన్నాను. ముందు స్టెరాయిడ్ ఇచ్చి, తర్వాత ఎసైక్లోవిర్ ఎక్కించడం మొదలుపెట్టాం.

ఈ పిల్లను మిగతా పిల్లల మధ్య ఉంచకూడదు; ఆటలమ్మ గాలి ద్వారా కూడా అంటుకుంటుంది. విడిగా ఉన్న గదొకటి ఖాళీ చేయించి, చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళే లోపలికి రావాలని చెప్పాను. ఆ మాట కోటమ్మగారికి వెంటనే నచ్చింది. అమ్మవారున్న ఇంటికి నలుగురూ రాకూడదన్నది ఆవిడ పద్ధతి కూడా. పలకరించడానికి వచ్చిన బంధువుల్ని గుమ్మంలోంచే తిప్పి పంపారు. రౌండ్సుకొచ్చిన మా సూపరింటెండెంటునీ ఆపారు.

"నీకు పోసిందా అయ్యా?"

"గుర్తులేదండి."

"మీ అమ్మనడిగి రా."

ఆయన నిజంగానే వరండాలోకి వెళ్ళి వాళ్ళమ్మకు ఫోన్ చేశారు. పోయలేదట. కిటికీలోంచే చూసి వెళ్ళారు.

మర్నాడు పిల్ల దగ్గింది. వైరస్ ఊపిరితిత్తులకు పాకిందేమోనని అందరం భయపడ్డాం. ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. క్రమంగా కొత్త పొక్కులు ఆగి, పాతవి ఎండి పక్కు కట్టాయి. స్రవంతి గోంగూర పచ్చడి కావాలని పేచీ మొదలెట్టిన రోజు నాకు ధైర్యం వచ్చింది. ఉప్పు తగ్గించమన్నానని నామీద అలిగింది కూడా.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ మందులు వాడుతున్నారని అడిగాక, ఏది ఆపారని కూడా అడిగేదాన్ని. మొదటిదానికి తల్లిదండ్రులు మందుల చీటీ చూపిస్తారు. రెండోదానికి ఇంట్లో పెద్దావిడే జవాబు చెప్పాలి. అందుకే ఏ పిల్లకైనా స్టెరాయిడ్ మొదలుపెట్టే రోజునే ఆ పెద్దావిణ్ణి పిలిపించి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను.