రాగులు మానేసి దుడ్డిచ్చిన ఏడాది

నా చిన్నప్పుడు మా అంచెట్టి కొండల్లో ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. చేలు ఎండిపోతే సర్కారు వాళ్లు అడవి దారికి రోడ్డు పని పెట్టి, కూలికి రాగులు కొలిచి ఇచ్చేవారు. ఆ మూట తిన్నగా ఇంటికే వచ్చేది. సంగటి ముద్ద కడుపులో పడ్డాకే, ఆకలికి మంచం పట్టిన నా చెల్లెలు మళ్లీ లేచి నడిచింది.

ఇంతలో ఎవరికి తోచిందో ఏమో, రాగులు మోయడం, కొలవడం దండగ అన్నారు. ఇకమీదట డబ్బే ఇస్తాం, అదీ ఇంటి మగవాడి చేతికే అన్నారు. పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లను ఒక్క మాట అడిగితే వాళ్ల సొమ్మేం పోయేది? ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

రోడ్డు పనికీ మా ఊరికీ మధ్యలో సారాయి అంగడి ఉండేది. మా నాయన చెడ్డవాడు కాదు, రాళ్లు కొట్టి కొట్టి చేతులు వాచిన మనిషి. కానీ ఆ అంగడి దాటి వచ్చేసరికి మిగిలింది గంజికి కూడా చాలేది కాదు. చెల్లెలు మళ్లీ మంచం పట్టింది. "దుడ్డు చేతిలో ఉంటే ఇల్లు దూరమైపోతాది" అనేది మా పెద్దమ్మ, అమ్మకు అక్క.

ఆమె ఎవరితోనూ తగువుకు పోలేదు. కూలిచ్చే రోజున వాడలోని పిల్లలందరినీ పోగేసి పని దగ్గరికి తీసుకుపోయింది. "ఎవురి నాయన బుజం వాళ్లు ఎక్కండి. ఇల్లు చేరేదాకా దిగొద్దు" అంది. బిడ్డను భుజాన పెట్టుకుని సారాయి అంగడిలో దూరే మగవాడు మా పక్క ఊళ్లలో లేడు. అందరూ తలొంచుకుని అంగడి దాటిపోయారు.

మా నాయన మాత్రం నన్ను అంగడి వాకిట్లో దించి, "ఈడే ఉండు తల్లీ, వస్తా" అని లోపలికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. వెనకే వచ్చిన పెద్దమ్మ, "ఏడిస్తే ఏమొస్తాదే? పోయి మీ నాయన పక్కన కూచో, పో" అని నన్ను లోపలికి తోసింది.

పోయి కూర్చున్నాను. నాయన నన్ను చూసి గ్లాసు మీంచి చెయ్యి తీసేశాడు. "చిన్నది తినిందా?" అన్నాడు.

"లేదు నాయనా."

లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. దారిలో రాగులు కొన్నాడు. చెల్లెలు ముద్ద తింటుంటే గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మళ్లీ ఆ అంగడికి పోలేదని చెప్పను. కానీ ముందు రాగులు కొని ఇంట్లో వేసి, ఆ తర్వాతే పోయేవాడు.

ఇప్పుడు మా పక్కింటి ముసలమ్మ తల్లిలేని ఇద్దరు మనవళ్లను సాకుతోంది. కొడుకు హోసూరు ఫ్యాక్టరీలో పని చేస్తూ అక్కడే రూములో ఉంటాడు. పిల్లలకు వచ్చే సర్కారు సాయం మొన్నటిదాకా ఆమె చేతికందేది. ఇప్పుడు పద్ధతి మార్చి కొడుకు ఖాతాలో వేస్తున్నారు. అందులోంచి పైసా ఇంటికి రావడం లేదు. పిల్లలు రోజూ పొద్దున మా ఇంటికొచ్చి తిని బడికి పోతున్నారు. ఆమెతో కలిసి ఆ సాయం ఇచ్చే ఆఫీసుకు పోయినాను.

"దుడ్డు పడిందమ్మా, కంప్యూటర్లో చూపిస్తా ఉంది" అన్నాడు అక్కడి అబ్బాయి.

"బిడ్డలు తినిండారా లేదా అని యాడ చూపిస్తా ఉందప్పా?" అని అడిగాను. ఆ అబ్బాయి మా వెనకున్న మనిషి కాగితం అందుకున్నాడు.

పెద్దమ్మ ఆ రోజు నన్ను ఎందుకు లోపలికి తోసిందో నాకు బాగా తెలుసు. రేపు తొలి బస్సుకు ఆ పిల్లలిద్దరినీ హోసూరుకు తీసుకుపోతున్నాను. వాళ్ల నాయన రూములో, ఆయన ఎదురుగా కూర్చోబెడతాను. ఆఫీసువాళ్లు చూడకపోతే పోయారు, కన్నవాడైనా చూడాలి కదా.