ఎర్ర దీపం మీద బొట్టుబిళ్ల

కొత్త కారు కొన్న రోజే మావారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పారు. బ్రేకుల్లో తేడా వస్తే కారు తనే కనిపెట్టి ఎర్ర దీపం వెలిగిస్తుందట. బ్రేకు అసలే పడకపోతే గేరు పక్కనున్న చిన్న స్విచ్చిని పైకి లాగి, బండి ఆగేదాకా పట్టుకోవాలట. మూడోసారి చెబుతుంటే ఆవులించాను. ఆయన నొచ్చుకున్నారు. అసలు నా చేతికి కారు ఇవ్వడమే ఆయనకు పెద్ద తక్లీఫ్. "చిన్న గీత పడ్డా తాళంచెవి వాపస్ తీస్కుంటా" అని ముందే చెప్పారు.

మారేడ్‌పల్లి నుంచి బేగంపేటలోని ఆఫీసుకి ఒక్కదాన్నే నడుపుకుంటూ వెళ్లే ఆ కాసేపే నాకు రోజంతటిలో ఇష్టమైన సమయం. ఒక్కటే చిరాకు, ఆ కారుకి నోరెక్కువ. తలుపు సరిగ్గా పడకపోతే కూత, పక్కనుంచి ఆటో రాసుకుంటూ పోతే కూత. అందుకే ఒకరోజు ఎర్ర దీపం వెలిగి ఆరకపోతే, ఇదీ దాని వేషాల్లో ఒకటనుకున్నాను. కళ్లలో పొడుస్తోందని నా నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి దానిమీద అంటించాను. అద్దాలకీ బీరువాలకీ అంటించడం అలవాటైన చెయ్యి కదా! అచ్చంగా సరిపోయింది.

నాలుగు రోజుల తర్వాత అత్తమ్మను మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కారెక్కగానే ఆవిడ చూపు దానిమీదే పడింది.

"ఏందీ, కారుకు సుత బొట్టు పెట్టినవ్? మంచిగుంది బిడ్డా."

కార్ఖానా సిగ్నల్ దగ్గర మా ముందు స్కూలు బస్సు ఆగింది. బ్రేకు తొక్కితే కాలు అడుగుదాకా దిగిపోయింది. కారు ఆగలేదు. నా చెయ్యి స్విచ్చి మీదికి ఎప్పుడు వెళ్లిందో నాకే తెలియదు, లాగి పట్టుకున్నాను. కారు గునిసి, కుదిపి, బస్సుకి మూరెడు దూరంలో నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు. అత్తమ్మే నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది.

మర్నాడు మెకానిక్ కారు బాగుచేసి ఇంటికి తెచ్చాడు. బ్రేకు ఆయిలు కారిపోతోందని దీపం ఎప్పుడో చెప్పిందట. బొట్టుబిళ్ల పీకి వేలి మీద పెట్టి చూపించాడు. మావారి మొహం మాడిపోయింది.

"ఎవరు పెట్టిన్రు గిది?"



"నేనే పెట్టిన, దిష్టి తగలొద్దని" అంది అత్తమ్మ.

ఆవిడ చాలాసేపు తిట్లు పడింది. నేను నోరు మూసుకుని విన్నాను. తర్వాత వంటింట్లో, అలా ఎందుకు చెప్పారని అడిగాను.

"నా మీద కోపమైతే తెల్లారేసరికి మర్శిపోతడు. నీ మీదైతే తాళంచెవి గుంజుకుంటడు. మల్ల నన్ను ఆడికి ఈడికి ఎవరు తీస్కపోతరు?"

సిగ్గేసింది. వెళ్లి ఆయనకు నిజం చెప్పేశాను. అనుకున్నట్టే ఆయన తాళంచెవి కోసం చెయ్యి చాచారు. గోడకున్న కొక్కేనికి చూస్తే అది లేదు. అత్తమ్మ అప్పటికే దాన్ని కొంగున ముడేసుకుని, సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.