చుక్క పడ్డ చీటీ

పోయిన నెలలో సంతోష్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంటులో, మంటలు రేగితే ఎలా బయటపడాలో నేర్పుతామని ఒక కసరత్తు జరిపారు. భోజనాల వేళ గంట మోగింది. అందరూ మెట్ల మీదుగా దిగి రావాలన్నారు. కొందరు చెప్పులు వెతుక్కుంటూ, కొందరు ఫోన్లలో ఒకరినొకరు ఫొటోలు తీసుకుంటూ దిగారు. పై అంతస్తు కోడలుపిల్ల అయితే పొయ్యి మీద పప్పు మాడుతోందని సగం దాకా వచ్చి వెనక్కి పరుగెత్తింది. నేను గోడకు అరచెయ్యి ఆనించి మెల్లగా దిగుతున్నాను. "ఏమైంది ఆంటీ, కళ్లు తిరుగుతున్నయా?" అని పక్క ఫ్లాటు అమ్మాయి నా భుజం పట్టుకునేదాకా, నేను కళ్లు మూసుకుని నడుస్తున్నానన్న సంగతి నాకే తెలియలేదు.

అలా నడవడం నేను పాతబస్తీలో, ఒక దేవిడీలో నడిచే ఆడపిల్లల కాలేజీలో నేర్చుకున్నాను. ఎప్పుడో ఏ నవాబుగారి కుటుంబమో ఉండి వెళ్లిపోయిన ఆ భవనంలో, ఒకప్పుడు ఆడవాళ్లుండే జనానా హాలే మా రసాయనశాల. గోడలు బాగా ఎత్తు, పైన గూళ్లలో పావురాలు, వాటి కింద రంగుటద్దాల కిటికీలు. మధ్యాహ్నం ఎండ ఆ అద్దాలలోంచి దిగి, బల్లల దగ్గర నిలబడ్డ ఆడపిల్లల ముఖాల మీద ఒకరికి ఆకుపచ్చగా, ఒకరికి ఎర్రగా పడేది. యాసిడ్ సీసాలు అఫ్జల్‌గంజ్ నుంచి గడ్డిలో చుట్టుకుని రిక్షాలో వచ్చేవి. ఆ గడ్డి వాసన, గంధకం వాసన, పావురాల వాసన కలిసి మా బట్టలకు పట్టుకుని ఇంటిదాకా వచ్చేవి.

మా మేడం కోస్తా నుంచి భర్త ఉద్యోగంతో ఈ ఊరు వచ్చినావిడ. సన్నగా, తెల్లని నేత చీరలో, అడుగుల చప్పుడు లేకుండా తిరిగేవారు. ప్రమాదకరమైన పదార్థంతో ఏ ప్రయోగమైనా సరే, ముందురోజు అదే ప్రయోగాన్ని ఖాళీ గాజుసామానుతో మొదటినుంచి చివరిదాకా చేయించనిదే అసలుది చేయనిచ్చేవారు కాదు. దాన్ని ఆవిడ పొడి ప్రయోగం అనేవారు. రేపు ఏం ముట్టుకోబోతున్నాం, ఎంత తక్కువతో పని జరుగుతుంది, ఒలికితే ఏం చెయ్యాలి, తలుపు ఎటు, నీళ్లు ఎటు అన్నవి మా నోట చెప్పించి, తర్వాత చేతులతో చేయించేవారు. ఖాళీ సీసాలోంచి ఖాళీ జాడీలోకి, ఏమీ లేనిదాన్ని అతి జాగ్రత్తగా వంచుతూ, హాలు నిండా ఆడపిల్లలం మాటా పలుకూ లేకుండా నిలబడేవాళ్లం.

దానికి తోడు చీటీలు. ఒక పింగాణీ గిన్నెలో మడిచిన చీటీలు వేసి తలా ఒకటి తీసుకోమనేవారు. వాటిలో ఒకదాని మీద సిరాచుక్క ఉండేది. అది వచ్చిన పిల్ల ఎవరికీ చెప్పకూడదు. మేడానికి కూడా తెలియదు. మధ్యలో ఎప్పుడో, తనకు తోచిన క్షణాన, ఆ పిల్ల రెండు కళ్లూ మూసుకుని, ఏదో కళ్లలో పడినట్టే బల్ల అంచు తడుముకుంటూ మూలనున్న నల్లా దాకా వెళ్లాలి. మిగతావాళ్లు చేతిలోది బల్ల మీద పెట్టేసి, గోడకు జరిగి, దారి ఇవ్వాలి. అరవకూడదు. ఒకరు అరిస్తే ఇంకొకరి చేతిలో సీసా జారుతుందని మేడం అనేవారు. నల్లా దగ్గర కూడా నీళ్లు వదలడం ఉండేది కాదు. పాతబస్తీలో నీళ్లు వచ్చే రోజులు వేరు, రాని రోజులు వేరు; మిద్దె మీది ట్యాంకు అసలు అవసరానికే ఉంచాలి. అందుకని నల్లా కింద దోసిలి పట్టి, గాలినే కళ్ల మీద చల్లుకుంటూ, మేడం చాలు అనేదాకా వంగి ఉండాలి.

వాకిట్లో కూర్చునే ఆయమ్మకు ఇదంతా నచ్చేది కాదు. "గీ పోరీలకు ఏమైందే తల్లీ, పట్టపగలు దయ్యాల లెక్క తిరుగుతున్నరు," అని గొణుక్కుంటూ పొడి ప్రయోగం రోజున వీధి గుమ్మం దాకా వెళ్లి కూర్చునేది. మేమూ ఆ పీరియడ్‌ను దయ్యాల క్లాసనే అనేవాళ్లం. నవ్వేవాళ్లమే గాని, చీటీ విప్పే ముందు అందరి వేళ్లూ చల్లబడేవి.

మా చిన్నమ్మ కూతురు, నాకు చెల్లెలు, మా ఇంట్లోనే ఉండి నాతోపాటు చదివేది. చిన్నాన్న పోయాక చిన్నమ్మ నర్సు ఉద్యోగం మీద వేరే ఊరికి వెళుతూ, దాన్ని తెచ్చి మా అమ్మకు అప్పగించింది. అల్లరి పిల్ల. ఎవరి నడకైనా ఒక్కసారి చూస్తే చాలు, అలాగే నడిచి చూపించేది. దానికి చుక్క వచ్చిన రోజున నిజంగానే కళ్లు పోయాయేమోనని భయపడేవాళ్లం. "మస్తు చేసిన కదా అక్కా? మేడం సుత భయపడ్డది!" అని బస్సులో సంతోష్‌నగర్ దాకా నవ్వుతూనే ఉండేది.

ఆరోజు కాస్టిక్ సోడా ద్రావణానికి పొడి ప్రయోగం. కళ్లకు పెట్టుకునే అద్దాలు అసలు రోజునే ఇచ్చేవారు, ఖాళీ గాజుకు ఎందుకని. పొడుగు మెడ ఫ్లాస్కును గీత వరకు నింపినట్టు నటించి, బిరడా పెట్టి, తలకిందులు చేసి కలపాలి. పొద్దుటి తరగతి వాళ్లు ఒక ఫ్లాస్కును కడగకుండా వదిలి వెళ్లారని మాకు తెలియదు. నీళ్లలా తేటగా, ఏ వాసనా లేకుండా, అడుగున కాస్త కాస్టిక్ ద్రావణం మిగిలి ఉంది. ఆ ఫ్లాస్కే మా చెల్లెలి బల్ల మీదికి వచ్చింది. కడిగిన నీళ్లే అనుకుని, కంటి ఎత్తుకు లేపి, తలకిందులు చేసింది. బిరడా వదులు.

నేను చూసింది ఇంతే: చెల్లెలు ఫ్లాస్కును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, రెండు కళ్లూ మూసుకుంది. మేమందరం చేతుల్లోవి దించి గోడకు జరిగాం. అది బల్ల అంచు పట్టుకుని, ఆకుపచ్చ వెలుగులోంచి ఎర్ర వెలుగులోకి నడిచి, నల్లా దగ్గర వంగి, దోసిలి పట్టింది. కళ్ల మీద చల్లుకుంది. మళ్లీ పట్టింది. మేడం చేతులు కట్టుకుని మెచ్చుకోలుగా చూస్తున్నారు. పైన పావురాలు తప్ప హాల్లో చప్పుడు లేదు.

అప్పుడు కిటికీ పక్క బల్ల దగ్గరి పిల్ల ఒకతె, విప్పిన చీటీ పైకెత్తి చూపిస్తూ అంది: "మేడం... చుక్క నాకొచ్చింది."

మేడం ఆ చీటీ వంక చూశారు, తర్వాత నల్లా వంక చూశారు. "నల్లా తిప్పండమ్మా! ఎవరైనా తిప్పండి!" అంటూ ఆవిడ అరవడం మేం మొదటిసారి విన్నాం. మా చెల్లెలు వంగిన తల ఎత్తకుండానే, చాలా మామూలుగా జవాబిచ్చింది.

"పోస్కుంటనే ఉన్న కద మేడం."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. నీళ్లు పడుతున్నాయనే దాని నమ్మకం. చేతులు నేర్చుకున్న పని చేసుకుపోతున్నాయి, కాస్టిక్‌కు చర్మం జిగటగా జారుతుంటే అది నీటి తడే అనుకుంది. మేడం నల్లా పూర్తిగా తిప్పి, దాని తల కింద పెట్టి, రెప్పలు తన వేళ్లతో విడదీసి పట్టుకున్నారు. ట్యాంకు ఖాళీ అయ్యాక, ఆయమ్మ సందులోకి పరుగెత్తి "పానీ లావ్ అమ్మా, పానీ! పిల్ల కండ్లు పోతున్నయ్!" అని కేక పెడితే, పరదాల వెనక నుంచి ఎన్నడూ బయటికి రాని ఆడవాళ్లు బిందెలతో వచ్చారు. పక్కింటి వాళ్ల ఆటోలో కంటి ఆసుపత్రికి వెళ్లేదాకా దారి పొడుగునా బిందె వంచుతూనే ఉన్నాం.

కుడికన్ను దక్కింది. ఎడమకంటికి వెలుగూ చీకటీ మాత్రం మిగిలాయి. చిన్నమ్మ వచ్చి దాని మంచం పక్కన కూర్చుని వేళ్లు చూపించి ఎన్ని అని అడుగుతూ ఉండేది. మేడం పొడి ప్రయోగం మానలేదు. గాజుసామాను మొత్తం మా కళ్లముందే బోర్లించి మొదలుపెట్టేవారు, కళ్లకు అద్దాలు పొడి ప్రయోగం రోజునా పెట్టించేవారు. నల్లా నిజంగా తిప్పాల్సిందే అన్నారు. అందుకోసం తలా ఒక సీసాడు నీళ్లు ఇంటినుంచి మోసుకొచ్చి నల్లాకు అమర్చిన పీపాలో పోసేవాళ్లం. మా చెల్లెలు తిరిగి వచ్చి పరీక్షలు రాసింది గాని, ఎవరి నడకా మళ్లీ నడిచి చూపించలేదు.

తర్వాత పత్రికాఫీసులో చేరి ఎన్నో ప్రమాదాల వార్తలు దిద్దాను. జనం చూస్తూ నిలబడ్డారన్న వాక్యం వస్తే, చాలామంది దాన్ని తప్పుపట్టే తీరుగా రాసేవారు. నా కలం మాత్రం అక్కడ కాసేపు ఆగేది.

ఈమధ్య చాంద్రాయణగుట్ట వైపు ఒక ఫంక్షన్ హాలులో పెళ్లికి నేనూ చెల్లెలూ వెళ్లాం. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట ఇప్పుడు తిప్పే నల్లాలు లేవు, కింద చేతులు పెడితే నీళ్లు వాటంతట అవే పడతాయి. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, అటు చూడనైనా చూడకుండా కడుక్కుని పోతున్నారు. ట్యాంకులో ఎంత ఉందోనన్న ఫికర్ ఎవరికీ లేదు, మంచిదే. నెరిసిన జడ భుజం మీదికి వేసుకుని, మా చెల్లెలు వంగి దోసిలి పట్టింది. నీళ్లు రాలేదు. అది కదలకుండా అలాగే పట్టుకుని ఉంది. నేను తిప్పడానికి ఏదైనా దొరుకుతుందేమోనని నున్నటి స్టీలు నల్లా మీద చేత్తో వెతుకుతున్నాను.