హీరోయిన్ కూర్చునే బండికి కొత్త స్టీరియో

మొన్న మా అమ్మాయికి నేనొక సాయం చేశాను. ఆ ముచ్చట చెప్తాను, టీ తాగుతూ వినండి. ముందే చెప్పేస్తున్నా, దాని ఉద్యోగం పోలేదు. పోయుంటే నేనిక్కడ మీతో కూర్చునేదాన్ని కాదు, తెనాలిలో మా అక్క ఇంట్లో దాక్కుని ఉండేదాన్ని.

మాది మొక్కల వ్యాపారం కదా. సినిమా సెట్లకి కుండీలు అద్దెకిస్తాం. హీరోయిన్ బాల్కనీలో పూలమొక్కలు, విలన్ ఆఫీసులో పెద్ద పెద్ద ఆకుల మొక్కలు, అన్నీ మావే. వాటిని తిప్పేది మా పాత పికప్. కేసెట్ల కాలం నాటి బండి. కంపెనీ వాళ్లు పెట్టిచ్చిన స్టీరియోనే మొన్నటిదాకా ఉంది. అటొకటి ఇటొకటి తిప్పే బటన్లు, మధ్యలో కేసెట్ దూర్చే సందు. ఎఫ్ఎం పెడితే మాట్లాడేవాళ్లందరికీ జలుబు చేసినట్టు వినిపిస్తుంది. మా డ్రైవర్ యాదగిరి ఎప్పట్నుంచో ఒకటే పోరు. "మేడం, జర టచ్ స్క్రీన్ పెట్టియ్యరాదు? అందరి బండ్లల్ల ఉన్నది." నేను వినలేదు. అలా వినకుండానే ఉండిపోయినా బాగుండేది.

మా హారిక ఈమధ్యే అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరింది. మొదటి సినిమా. కృష్ణానగర్ నుంచి ఫిల్మ్ నగర్ దాకా ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే దొరికిన ఛాన్స్. దానికిచ్చిన పని కంటిన్యూటీ. అంటే, నిన్నటి షాట్‌లో హీరో జేబులో పెన్ను ఉంటే ఇవాళా ఉండాలి, గ్లాసులో సగం నీళ్లుంటే ఇవాళా సగమే ఉండాలి. తేడా వస్తే మాట పడేది ఇదే. దీనికంటే ముందు ఆ పని చేసిన అబ్బాయిని, హీరో చేతికి వాచీ మారిపోయిందని భోజనం టైమ్ కూడా కాకుండానే ఇంటికి పంపించేశారట. ఈ సంగతి నాకు చెప్పింది. నేను పప్పుకి పోపు పెడుతూ ఊ కొట్టాను.

కథ పాతకాలంది కాబట్టి వాళ్లకి పాత పికప్ కావాల్సొచ్చింది. హారిక మా బండి ఫొటో చూపిస్తే డైరెక్టర్ గారికి తెగ నచ్చేసిందట. కానీ అది వాళ్లమ్మ బండి అని మాత్రం చెప్పలేదు. "సొంత బండి పెట్టించుకుంది అనుకుంటారమ్మా. నువ్వు సెట్‌కి వస్తే నిన్ను ఆంటీ అంటాను, ఏమీ అనుకోకు" అంది. నవమాసాలు మోసి కన్నందుకు ఆంటీ. సర్లే, పిల్ల కెరీర్ కదా అని ఒప్పుకున్నాను.

మొదటి రోజు బండిని యాదగిరి తీసుకెళ్లాడు. నాకు శ్రీనగర్ కాలనీలో వేరే డెలివరీ ఉంది. మధ్యాహ్నం దాటాక హారిక ఫోన్ చేసింది. "అమ్మా, బండి పంపిస్తున్నాం. రేపు పొద్దున్నే మళ్లీ కావాలి. రేపన్నీ లోపల క్లోజప్‌లే, కెమెరా అంతా డ్యాష్‌బోర్డ్ మీదే." గబగబా చెప్పి పెట్టేసింది.

ఇదిగో, సరిగ్గా ఇక్కడే నా బుర్ర పనిచేసింది. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే మనం ఏం చేస్తాం? సోఫా కవర్లు మారుస్తాం, చిరిగిన టవల్ తీసి కొత్తది తగిలిస్తాం. మరి అంత పెద్ద హీరోయిన్ వచ్చి మా బండిలో కూర్చుంటోంది. పైగా క్లోజప్. తెర మీద అంతేసి సైజులో ఆ డొక్కు స్టీరియో కనిపిస్తే మా పరువేం కావాలి? బండి రాగానే యాదగిరితో "పద, స్టీరియో మార్పిద్దాం" అన్నాను. అతని మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయింది.

కృష్ణానగర్‌లో బండ్ల సామాన్ల షాపు సలీంది. పాతదాన్ని అటూ ఇటూ చూసి ఒక మాటన్నాడు. "ఇది మూడు వేళ్ల ఎత్తే ఉంది మేడం. కొత్తది పెద్దది. డ్యాష్‌బోర్డ్ కొయ్యాలి. ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. కొయ్యమంటారా?"

ఎంత మర్యాదగా అడిగాడో చూడండి. దేవుడు నాకిచ్చిన ఆఖరి ఛాన్స్ అది.

"కొయ్యి బాబూ" అన్నాను, చేతులు కట్టుకుని, ఏదో ఓపెనింగ్‌కి వచ్చిన మంత్రిగారిలాగా.

కట్టర్ బర్రుమంది. కంపెనీ సాకెట్ కత్తిరించి, వైర్లు మెలిపెట్టి, టేపు చుట్టి, కొత్త టచ్ స్క్రీన్ బిగించాడు. ఆన్ చేస్తే నీలం రంగులో వెల్‌కమ్ అని వచ్చింది. నా కళ్లు చెమ్మగిల్లాయి. పాతదాన్ని "నువ్వే ఉంచుకో" అని సలీంకే ఇచ్చేశాను. ఆ సాయంత్రం హారిక ఇంటికొచ్చి, రెండు ముద్దలు తిని, పడుకుండిపోయింది. నేను చెప్పలేదు. సర్‌ప్రైజ్ చేద్దామని.

మర్నాడు పొద్దున్నే మంగళగిరి చీర కట్టుకుని నేనే బండెక్కాను. స్టూడియో లోపల ఆపగానే హారిక పరిగెత్తుకొచ్చింది. డోర్ తీసింది. నీలం వెల్‌కమ్ వెలిగింది. దాని మొహంలో రక్తం చుక్క లేదు.

"ఆంటీ" అంది, పక్కన లైట్‌మెన్ ఉన్నారని. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి, "అమ్మా, స్టీరియో ఏది?" అంది.

"ఇదేగా. ఎలా ఉంది?"

అది అరవలేదు. అరిచినా బాగుండేది. బండి ఫుట్‌రెస్ట్ మీద కూలబడి మెల్లగా చెప్పుకొచ్చింది. నిన్న తీసింది సగం సీన్. హీరో హీరోయిన్ బండిలో పోట్లాడుకుంటారు, ఆమె కోపంగా కేసెట్ తీసి స్టీరియోలో దూర్చబోతుంది, అక్కడిదాకా నిన్న అయిపోయింది. దూర్చేది ఇవాళ. హీరోయిన్ సాయంత్రం ఫ్లైట్‌కి వెళ్లిపోతుంది, మళ్లీ నెల దాకా డేట్లు లేవు.

"ఆ స్టీరియో కోసమే ఈ బండి తీసుకున్నారమ్మా" అంది. యాదగిరిని చూశాను. "నన్ను చాయ్ బండి కాడ కూసోబెట్టిన్రు మేడం, లోపల ఏం తీసిన్రో నాకేమెరుక" అన్నాడు.

హీరోయిన్ మేకప్‌కి గంట పడుతుందట. హారిక మేనేజర్ దగ్గరికెళ్లి, బండిలో డీజిల్ లేదని అబద్ధమాడింది. నేనూ యాదగిరీ బండి తీసుకుని బయటపడ్డాం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగిపోయాం. ముందు బస్సు, వెనక బస్సు, పక్కన పెద్ద కారు. యాదగిరి హారన్ కొడుతున్నాడు, నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతున్నాను. ఆ గ్యాప్‌లో కొత్త స్టీరియో నా ఫోన్‌కి దానంతటదే కనెక్ట్ అయిపోయింది. హారిక ఫోన్ చేస్తే దాని గొంతు బండంతా మోగింది. "అమ్మా, మేకప్ సగం అయింది. ఎక్కడున్నావ్?" పక్క కారాయన అద్దం దించి మరీ చూశాడు. సౌండ్ మాత్రం అద్భుతంగా ఉంది, కాదనను.

షాపు తెరుస్తున్న సలీం మమ్మల్ని చూసి, "ఏమైంది మేడం, సౌండ్ రావట్లేదా?" అన్నాడు.

"పాతది కావాలయ్యా, అర్జెంట్."

"పాతదా? అది ఇంట్లో మా అమ్మీ వింటోంది."

రాత్రి ఇంటికి పట్టుకెళ్లి, పాత బ్యాటరీకి తగిలించి వాళ్లమ్మకిచ్చాడట. బండి అక్కడే వదిలి, సలీం స్కూటర్ వెనకెక్కాను. రహమత్ నగర్ గల్లీల్లో ఆ ఎత్తులకి, మలుపులకి మంగళగిరి చీర మీద ఆశ అప్పుడే వదులుకున్నాను. చిన్న ఇల్లు. మంచం మీద పెద్దావిడ, స్టూల్ మీద మా స్టీరియో. అందులోంచి ఎవరో మగమనిషి పాట.

సలీం విషయం చెప్పాడు. ఆవిడ నన్ను పక్కన కూర్చోమంది. "ఈ పాట అయిపోనియ్యి బేటీ. మా ఆయన గొంతు. మా చెల్లి పెళ్లిల పాడిండు. వినేదానికి మిషన్ లేక కేసెట్ పెట్టెలనే పడున్నది."

ఇప్పుడు చెప్పండి, ఏం చేస్తారు? అవతల నా కూతురి బతుకు, ఇవతల పోయినాయన గొంతు. లాక్కుని పరిగెత్తనా? కూర్చున్నాను. ఆయనేమో పాడినదే మళ్లీ మళ్లీ పాడుతున్నాడు. నా చేతిలో ఫోన్ మోగుతోంది, కట్ చేస్తున్నాను. మళ్లీ మోగుతోంది. పాట అయిపోయాక ఆవిడే కేసెట్ తీసి, స్టీరియోని కొంగుతో తుడిచి నా ఒళ్లో పెట్టింది. "షూటింగ్ అయినంక తెచ్చియ్యాలె" అంది. తెస్తానని చేతిలో చెయ్యేసి చెప్పాను.

షాపుకొచ్చి సలీం కొత్తది పీకాడు. అక్కడ అరచేయంత బొక్క నోరు తెరుచుకుని ఉంది. మూడు వేళ్ల స్టీరియో అందులో ఎక్కడ నిలబడుతుంది? కాళ్ల కింది నల్ల రబ్బర్ మ్యాట్‌లోంచి ముక్క కోసి, పైనా కిందా దూర్చి, మధ్యలో స్టీరియో ఇరికించాడు. లైట్ వెలగడానికి రెండు వైర్లు కలిపాడు. నిజం చెప్పొద్దూ, బయటి నుంచి చూస్తే తేడా తెలియలేదు.

"చూడ్డానికే ఇది మేడం" అన్నాడు సలీం. "నొక్కితే ఆగదు. వెనక పట్టుకునేదంతా నిన్న కోసేశాను కదా."

సెట్‌కి చేరేసరికి హీరోయిన్ గొడుగు కింద రెడీగా కూర్చుని ఉంది. హారిక లోపలికి తొంగిచూసి, తన ఫోన్‌లో నిన్నటి ఫొటోతో పోల్చుకుని, ఊపిరి పీల్చుకుంది. నేను మెల్లగా అన్నాను, "ఒక్కటేనే. దాన్ని గట్టిగా నొక్కకూడదు."

"అమ్మా, షాటే నొక్కడం."

"పోనీ, మెల్లగా నొక్కమని ఆ అమ్మాయికి చెప్పు."

డైరెక్టర్ గారు అప్పటికే హీరోయిన్‌తో అంటున్నారు, "నిన్న కోపం సరిపోలేదండి. ఇవాళ కేసెట్ పెట్టడంలోనే ఆ కోపమంతా కనిపించాలి."

నేను కళ్లు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేకపోయాను. యాక్షన్ అన్నారు. ఆ అమ్మాయి హీరో వైపు ఒక చూపు చూసి, కేసెట్‌ని ఒక్క తోపు తోసింది. కేసెట్ వెళ్లింది. దాని వెనకే స్టీరియో వెళ్లింది. దాని వెనకే రబ్బర్ మ్యాట్ వెళ్లింది. లోపలెక్కడో దబ్బున పడిన చప్పుడు. ఆమె చెయ్యి మోచేతి దాకా మా బండి డ్యాష్‌బోర్డ్‌లో ఉండిపోయింది. నోరు తెరుచుకుని హీరోని చూస్తోంది. హీరో ఆ బొక్కని చూస్తున్నాడు.

డైరెక్టర్ గారు కట్ అన్నారు. మానిటర్ ముందు నుంచి లేవకుండా, "ఈ బండి కంటిన్యూటీ ఎవరిది?" అన్నారు.

హారిక ముందుకెళ్లింది. "నాదే సార్. నేను చూసుకోవాల్సింది. సారీ సార్."

నా మీద ఒక్క మాట చెప్పలేదండీ. బండి వాళ్లు మార్చేశారనొచ్చు, ఆ ఆంటీ చేసిందనొచ్చు. అనలేదు. నేనింక ఆగలేదు, కేబుళ్లు దాటుకుంటూ వెళ్లిపోయాను. "దాని తప్పేం లేదు సార్. నేనే మార్పించాను. క్లోజప్ అంటే బండి అందంగా ఉండాలనుకున్నాను. నా కూతురిని ఏమీ అనకండి."

కూతురు అన్నాక గానీ నాలుక కరుచుకోలేదు. హారిక రెండు చేతుల్లో మొహం దాచుకుంది. లైట్‌మెన్ అందరూ ఒకేసారి ఇటు తిరిగారు.

"మీ అమ్మగారా?" అన్నారు డైరెక్టర్ గారు. హారిక మొహం దాచుకునే తలూపింది. ఆయన మానిటర్ మీద ఆ షాట్ మళ్లీ వేసుకున్నారు. ఇంకోసారి వేసుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. కోపం అనుకున్నాను. నవ్వుతున్నారు. "అమ్మా, నిన్నంతా అడిగాను, ఆ అమ్మాయి మొహంలో ఈ ఎక్స్‌ప్రెషన్ రాలేదు. ఇది ఉంచేస్తున్నా. ఇకమీద సినిమా అంతా ఈ బండికి ఈ బొక్క ఉండాల్సిందే. హారికా, ఫొటో తీసుకో" అన్నారు. అది అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అలా ఉద్యోగం నిలబడింది. లోపల పడ్డ స్టీరియోని బయటికి తీయించి, మాటిచ్చినట్టే సలీం వాళ్లమ్మకి ఇచ్చొచ్చాను. నాకు మాత్రం కొత్త రూల్స్ వచ్చాయి. ఇప్పుడు సెట్‌కి నా మొక్కలు వెళ్తున్నాయి, నా బండి వెళ్తోంది, నేను స్టూడియో గేటు దగ్గరే దిగిపోవాలి. నిన్న బండెక్కబోతుంటే యాదగిరి డోర్ దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మేడం, హారికమ్మ చెప్పింది. మీరు ముందు సీట్ల కూసుంటే చేతులు రెండూ ఒళ్లె పెట్టుకొని కూసోవాల్నంట."

ఏం చేస్తాం. పెట్టుకునే కూర్చున్నాను.