ఆడకముందే కప్పిన శాలువా

మా ధర్మవరం హాకీ జట్టు గెలవడం మానేసి కొన్నేళ్ళయింది. దాని అభిమానులు మాత్రం ఇంతవరకూ ఒక్క ఆట కూడా ఓడలేదు. రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న టీ అంగట్లో వాళ్ళు ప్రతి సాయంత్రం గెలుస్తూనే ఉంటారు.

ఒకప్పుడు జట్టు నిజంగానే బాగుండేది. ఆ పాత ఆటగాళ్ళలో కొందరు ఆటల కోటాలో ఉద్యోగాలు దొరికి వెళ్ళిపోయారు. కొందరు బెంగళూరులో పనులకు కుదిరారు. మిగిలినవాళ్ళకు పొట్టలు వచ్చాయి. వేరే దారిలేక క్లబ్బువాళ్ళు పదహారు, పదిహేడేళ్ళ పిల్లలను మైదానంలోకి దింపారు. అందులో తప్పేమీ లేదు. పిల్లలు ఆడతారు, ఓడతారు, నేర్చుకుంటారు. కానీ టీ అంగడి ఆ పనికి ‘జట్టును కొత్తగా కడుతున్నాం’ అని పేరు పెట్టింది. ఎండలో పరిగెత్తేది పిల్లలు. మోకాళ్ళు చీరుకునేది పిల్లలు. కట్టేది మాత్రం బెంచీ మీద కాలు మీద కాలేసుకున్న పెద్దమనుషులు.

వయసులో ఉన్నప్పుడు నేను జాతకాలు చెప్పేవాళ్ళతో వేదికలెక్కి వాదించాను. వాళ్ళలో ఆరితేరినవాడు ఎప్పుడూ ఓడిపోవడానికి వీల్లేని మాటే చెప్పేవాడు. పెళ్ళి కుదిరితే గురుబలం, కుదరకపోతే శనిదోషం. ఏది జరిగినా శాస్త్రం నిలుస్తుంది, మనిషే పడిపోతాడు. ఆ రకం మాటలకు కాలం చెల్లిపోతుందని అప్పట్లో గట్టిగా నమ్మాను. చెల్లలేదు. అవి బొట్టు చెరుపుకుని, జట్టు రంగు టీషర్టు వేసుకుని, టీ తాగుతూ కనిపించాయి. పిల్లలు గెలిస్తే, ‘చూశారా సత్తా!’ ఓడితే, ‘అనుభవం వస్తాంది.’ చిత్తుగా ఓడితే ఇంకా సంతోషం: ‘ఇప్పుడే దెబ్బ తగలాల, ముందుముందు రాయి మాదిరి అయితారు.’

ఈ గుంపుకు పెద్ద ఒక జరీ వ్యాపారి. జీవితంలో హాకీ కర్ర పట్టలేదు, మైకు మాత్రం చాలాసార్లు పట్టాడు. ఒకరోజు సొంత ఊళ్ళోనే మన పిల్లలు ఘోరంగా ఓడిన సాయంత్రం నేను అతన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను.

“ఏమప్పా, ఏం జరిగితే ఈ పిల్లల మీద నీ అంచనా తప్పని ఒప్పుకుంటావు? ముందే చెప్పు.”

“అదేం ప్రశ్న సారూ? తప్పు ఎందుకు అయితాది?”

“అవుతుందనడం లేదు. ఏది జరిగితే అవుతుందో చెప్పమంటున్నా.”

అతను టీ గ్లాసు కింద పెట్టి చుట్టూ ఉన్నవాళ్ళను చూసి నవ్వాడు. “సారుకు పిల్లోల్ల మీద నమ్మకం ల్యాదప్పా. దేవుని మీద ఎట్లా ల్యాదు, పాపం పిల్లోల్లు ఏం చేసినారో!”

బెంచీ అంతా నవ్వింది. నా ప్రశ్నను పక్కన పెట్టి ఇంకో విడత టీ చెప్పారు.

వీళ్ళు తెచ్చిన ఆచారం ఒకటి చెప్పాలి. మా ఊరు పట్టు నేసే ఊరు, శాలువాకు కరువు లేదు. అందుకని ఆటకు ముందే సన్మానం. పిల్లల్ని వరసగా నిలబెట్టి, బొట్టు పెట్టి, దండ వేసి, అంచున్న శాలువా కప్పి, ఒక్కొక్కరిలో ఏ పాత ఆటగాడు మళ్ళీ పుట్టాడో ప్రకటిస్తారు. పాత ఆటగాళ్ళు ఎవరూ చావలేదు. అందులో ఒకాయన తన పునర్జన్మ ఆటను గేటు దగ్గర పల్లీలు తింటూ చూస్తుంటాడు. గెలిచాక కప్పకూడదా అని అడిగితే, “గెలిచినాక అందరూ కప్పుతారు సారూ, ముందే కప్పేదే ప్రేమ” అన్నాడు జరీ వ్యాపారి. ఆ ప్రేమకు ఫోటో తీయడానికి ఒక మనిషి, అది గ్రూపులో పెట్టడానికి ఇంకో మనిషి ఎప్పుడూ సిద్ధం. ఫోటోలో పిల్లవాడి మొహం దండలో మునిగిపోయి ఉంటుంది. కప్పుతున్నవాడి మొహం మాత్రం పళ్ళతో సహా కనిపిస్తుంది.

ఆ జట్టు గోల్‌కీపర్ మా పక్కింటి పిల్లవాడు. తల్లి కూలికి మగ్గం నేస్తుంది. నన్ను మామా అంటుంది, వాడు తాతా అంటాడు. వాడు ఇంటరు చదువుతున్నాడు. చదువు అయిపోతే గుంట మగ్గంలో కాళ్ళు పెట్టడం తప్ప వాడికి ఇంకో తోవ కనబడలేదు. అలాంటప్పుడు ఆటల హాస్టల్‌వాళ్ళు గోల్‌కీపర్ కోసం చూస్తున్నారనీ, సెలెక్టర్ హిందూపురంలో జరిగే ఆటకు వస్తాడనీ తెలిసింది. సీటు దొరికితే తిండి, చదువు, ఆట అన్నీ అక్కడే. దొరకకపోతే మగ్గం. విషయం అంతే. దీన్ని తల్లి అర్థం చేసుకుంది, పిల్లవాడు అర్థం చేసుకున్నాడు. అభిమానులు మాత్రం ‘మనోడు ఇండియాకు ఆడతాడు’ అని అర్థం చేసుకున్నారు.

దానికి తోడు అంతకు వారం ముందే పెనుకొండలో మన పిల్లలు గెలిచారు. ఎలా గెలిచారో నేను కళ్ళారా చూశాను. అవతలి జట్టులో సగంమంది ఎక్కిన బస్సు హైవే మీద చెడిపోయింది. వాళ్ళు వచ్చేసరికి ఆట సగం అయిపోయింది. అప్పటికే ఒక గోలు మనకు వచ్చింది. ఆ తరవాత మనవాళ్ళు బంతిని గడప దాటనివ్వకుండా కాపాడుకున్నారు, అందులో మా పక్కింటివాడి కష్టం చాలా ఉంది. బస్సు గురించి టీ అంగట్లో ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడితే ఒకడు, “సారు చెడిపోయిన బస్సు మాదిరే, యాడికి బయల్దేరినా నడి దోవలో నిల్చిపోతాడు” అన్నాడు. మాట బాగుంది. బస్సు చెడిపోయిన మాటా నిజమే.

హిందూపురానికి బయల్దేరే రోజు పొద్దున పిల్లవాడి తల్లి నా దగ్గరికి వచ్చింది.

“మామా, నువ్వు గూడా పోవాల. ఆ శాలువాలు కప్పేటోల్లని నమ్మి పంపల్యాను.”

“నేను చెబితే వాళ్ళు వింటారామ్మా?”

“వాళ్లు ఇనరు. వీడన్నా ఇంటాడు.”

పాసింజరు రైల్లో అభిమానులు రెండు పెట్టెలు నిండారు. డప్పులు, దండల బుట్ట, జెండాలు, పులిహోర. పిల్లవాడి భుజాన వాడంత బ్యాగు ఉంది. గోల్‌కీపర్ సామాను అంతా అందులోనే: కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు, హెల్మెట్, ఛాతీ కవచం, చేతి తొడుగులు. క్లబ్బుకు ఉన్నది ఆ ఒక్క సెట్టే. వాడు ఎక్కీ ఎక్కగానే జరీ వ్యాపారి బ్యాగు లాక్కున్నాడు.

“మా హీరో మూట మోసేదేందప్పా! మేమంతా ఉండేది ఎందుకు?”

“వద్దన్నా, నా దగ్గర్నే ఉండనీ.”

“ఊరుకోరా. రేపు ఫ్లైట్లల్లో తిరిగేటోడివి.”

నేను కలగజేసుకున్నాను. సామాను ఆటగాడి దగ్గరే ఉండాలన్నాను. “సారూ, గౌరవం చేస్తాంటే అడ్డం రావద్దు” అన్నారు నలుగురు. బ్యాగు చేతులు మారి పెట్టె చివరికి వెళ్ళిపోయింది. పెనుకొండ స్టేషన్లో రైలు ఆగినప్పుడు పోయిన వారం గెలుపు గుర్తుకొచ్చి కిటికీల్లోంచి డప్పు కొట్టారు. ప్లాట్‌ఫారం మీద జామకాయలమ్మే అవ్వ చెవులు మూసుకుంది.

హిందూపురంలో దిగగానే సన్మానం మొదలైంది. స్టేషన్లోనే. పిల్లలను వరసగా నిలబెట్టారు, దండలు వేశారు, శాలువాలు కప్పారు. మా పక్కింటివాణ్ణి ఇద్దరు భుజాల మీదికి ఎత్తుకున్నారు. జరీ వ్యాపారి గొంతు చించుకుని ఏదో ప్రకటిస్తుండగా వెనక రైలు కదిలింది, కర్ణాటక వైపు సాగిపోయింది.

భుజాల మీద నుంచే వాడు అరిచాడు. “అన్నా, నా బ్యాగు యాడ?”

డప్పు ఆగింది.

“నీ దగ్గర గదప్పా ఉండేది?” అన్నాడు జరీ వ్యాపారి.

“నేను నీకిచ్చినా.”

“నాకు ఇచ్చినావు, నేను దండల బుట్ట పట్టుకోవాలని ఆ ఫోటోల ఆయప్పకు ఇచ్చినా.”

“నేను ఫోటో తీస్తాండా! ఫోటో తీసేటోడు బ్యాగు ఎట్ల పట్టుకుంటాడు?”

దండల బుట్ట దిగింది. డప్పులు దిగాయి. పులిహోర దిగింది. ఆటకు కావలసిన ఒకే ఒక్క వస్తువు దిగలేదు. ఆటగాడు మోసుకుంటానంటే వద్దని, తామే మోస్తామని, తీరా మోయవలసిన నిమిషంలో పిల్లవాణ్ణి మోశారు. స్టేషన్‌వాళ్ళు తరవాతి స్టేషనుకు ఫోను చేశారు. బ్యాగు దొరికింది గానీ సాయంత్రం రైల్లోనే తిరిగి వస్తుందన్నారు. ఆట పది గంటలకు.

మైదానంలో అంపైర్ ససేమిరా అన్నాడు. హెల్మెట్, ప్యాడ్లు లేకుండా గోల్‌లో నిలబడనివ్వడు. నిబంధన అది. అప్పుడు జరీ వ్యాపారికి ఒక ఆలోచన వచ్చింది. దాన్ని ఆలోచన అనడం నా మర్యాద.

“సార్, శాలువాలు ఉండాయి. నాలుగైదు కాళ్లకు గట్టిగా చుట్టి కడితే సరిపోతాది. పట్టు సార్, శానా గట్టిది.”

అంపైర్ అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. “పెళ్ళికి వచ్చినావా అప్పా, ఆటకు వచ్చినావా?”

“పిల్లోనికి ధైర్యం ఉండాది సార్!”

“ధైర్యం వానిది, కాలు ఇరిగితే కట్టు నువ్వు కట్టించుకుంటావా?”

పిల్లవాడు నా వైపు చూశాడు. సెలెక్టర్ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాడు శాలువాలు చుట్టుకుని అయినా నిలబడడానికి సిద్ధమని నాకు తెలిసింది. “బంతికి నీ మీద అభిమానం లేదురా” అన్నాను. వాడు తల దించుకుని, దండ తీసి, శాలువా మడిచి పక్కన పెట్టి, మామూలు ఆటగాడిగా కర్ర తీసుకుని వెళ్ళాడు.

గోల్‌కీపర్ లేకుండానే పదకొండుమందీ ఆడారు. దాన్ని వర్ణించను. హిందూపురం పిల్లలు చివర్లో గోలు కొట్టడానికి మొహమాటపడ్డారు. ఆట ముగియకముందే అభిమానులు లేచి బిర్యానీ హోటలుకు వెళ్ళారు. పోతూ పోతూ ఒకడు నాతో అన్న మాట: “గోల్‌కీపర్ ల్యాకుండా ఇంతసేపు ఆడినారంటే, ఉంటే ఎట్లా ఆడతారో ఆలోసించు సారూ!”

ఆటయ్యాక సెలెక్టర్ లేచాడు. పిల్లవాడు ఆయన దగ్గరికి పోలేదు. ముందు అవతలి గోల్‌కీపర్ దగ్గరికి పోయాడు.

“అన్నా, నీ ప్యాడ్లు కొంచేపు ఇస్తావా?”

“తీసుకో అప్పా. తడిసి ముద్దయి ఉండాయి, కంపు కొడతాయి మళ్ళ.”

“కొట్టనీలే.”

సగం కట్టుకుని, ఒక పట్టీ ఈడ్చుకుంటూ, గేటు దాటబోతున్న సెలెక్టర్ ముందుకు పరిగెత్తాడు. “సార్, గోల్‌కీపర్ని చూసేకి వచ్చినారంట. నేనే సార్. మీరు నన్ను చూడ్లేదు.”

ఆయన గడియారం చూసుకున్నాడు. తరవాత ఆ వేలాడుతున్న పట్టీ చూశాడు. “కట్టుకో, పోదాం పా” అన్నాడు.

హిందూపురం పిల్లలు ఇద్దరు బంతులు కొట్టారు. వాడు ఆపాడు, వదిలాడు, పడ్డాడు, లేచాడు. చూసినవాళ్ళం నేనూ, గేటు మూయడానికి నిలబడిన మనిషీ. వాడిలో ఎవరో మళ్ళీ పుట్టారని కనిపెట్టినవాళ్ళు అందరూ అప్పుడు బిర్యానీలో ముక్కలు వెతుక్కుంటున్నారు.

సెలెక్టర్ వాడి భుజం మీద చెయ్యి వేయలేదు. ఆకాశానికి ఎత్తలేదు. “ఎడమ పక్క బాగా ఆపుతాండావు. కాలు తొందరగా లేస్తాది. కుడి పక్క, కర్ర ఉండే పక్క, నిద్ర పోతాండావు. బంతి పోయినాక కర్ర పోతాంది. ఇప్పుడైతే తీసుకోను. ఎండాకాలంలో మళ్ళీ చూస్తాం. ఆ పక్క లేపుకుని రా.”

సీటు రాలేదు. అయినా తిరుగు రైల్లో వాడి మొహంలో ఏడుపు లేదు. స్టేషన్లో చేతికొచ్చిన బ్యాగును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. “కుడి పక్క నిద్ర పోతాండానంట తాతా” అని రెండుసార్లు చెప్పాడు. ఇన్ని నెలల్లో వాడి ఆట గురించి ఎవరైనా చెప్పిన మొదటి నిజం అది. ఇన్ని శాలువాలు కప్పిన చేతుల్లో ఒక్కటి కూడా వాడి కుడి పక్కకు వేలు చూపలేదు. చూపాలంటే ఆట చూడాలి. పక్క సీటులో జరీ వ్యాపారి పళ్ళు కుట్టుకుంటూ, “ఆ సెలెక్టర్‌కు ఏం తెల్సప్పా? వచ్చే ఏడు సూడు, వాళ్లే ఎతుక్కుంటా వస్తారు” అంటున్నాడు.

ఇప్పుడు మా వీధిలో రోజూ సాయంత్రం ఒక చప్పుడు వినిపిస్తుంది. తల్లి మగ్గం దిగాక, ఇంటి వెనక గోడ ముందు వాణ్ణి ప్యాడ్లతో నిలబెట్టి, టెన్నిస్ బంతులు విసురుతుంది. అన్నీ కుడి పక్కకే. ఆ వైపు గోడకు మేకులు కొట్టి సన్మానం శాలువాను వేలాడదీసింది, బంతి ఎటు వెయ్యాలో గురిగా. వాడు చాలా బంతులు వదిలేస్తాడు. అవి శాలువాకు తగిలి కింద పడతాయి. జరీ అంచు ఇప్పటికే పోగులు లేచింది.

మొన్న జరీ వ్యాపారి ఇద్దరు మనుషులతో వచ్చి, ఫోను పైకెత్తి వీడియో తీయబోయాడు. వరసగా బంతులు పోతుంటే అతనికి నచ్చలేదు.

“ఏమ్మా, అట్ల కాదు, ఎడమ పక్కకు ఎయ్యి. ఆ పక్కయితే అన్నీ ఆపుతాడు. సూసేకి బాగుంటాది.”

ఆమె బంతి చేతిలో పట్టుకుని అతని వైపు తిరిగింది.

“నీకు సూసేకి కాదన్నా మేము ఏసుకుంటాండేది. కొంచెం జరుగు, తగుల్తాది.”

అతను జరిగాడు. ఆమె మళ్ళీ కుడి పక్కకే వేసింది.